పద్నాలుగో నంబరు దృశ్యం

ఆ ఉదయం తూరుపున ఆకాశం తడి బూడిద రంగులో ఉంది. నీటి గీతను ఆనుకుని ఒకే ఒక్క పొడుగాటి మబ్బు, మడుగులో పడుకున్న గేదెలాగా కదలకుండా ఉంది. దాని కిందనుంచి వెలుతురు ఎర్రగా కాక పసుపునీళ్ళలా పలచగా కారుతోంది. సూరాడ దానయ్య గుమ్మం ముందు నిలబడి కాసేపు పైకి చూశాడు. మబ్బు అంచు చెదరలేదు. గాలి వీపుకు తగులుతోంది, అంటే ఒడ్డు మీంచి సముద్రంలోకి పోతోంది. పొద్దెక్కేదాకా తిరగదు. కానాగంత చేపలు పైకొచ్చే రోజుకు ఇదే గుర్తు.

ఏడాదికి పది పన్నెండు రోజులు వస్తాయవి, ఒడ్డుకు దగ్గరగా, మందలు మందలుగా. ఆ పన్నెండు రోజుల్లో పట్టి ఎండబెట్టుకున్నదే వాళ్ళ పల్లె మొగపేటకు ఏడాది పొడుగునా తిండీ, బేరమూను. ఆ రోజులు పోగొట్టుకున్న ఇంట్లో మళ్ళీ కార్తీకం వచ్చేదాకా కుండ అడుగు గీకిన చప్పుడే.

వల భుజాన వేసుకుని ఇసకలోకి దిగేసరికి తన నావ దగ్గర ఎవరో వంగి ఉన్నారు. ఖాకీ చొక్కా, చేతిలో తెల్లరంగు డబ్బా. నావ ముక్కు మీద 14 అని అంకె వేసి, దాని చుట్టూ శ్రద్ధగా సున్నా చుడుతున్నాడు. దగ్గరికెళితే మనిషి తెలిసినవాడే. పర్యాటక సంవర్ధక మండలిలో అటెండరు, అప్పలస్వామి.

"నా నావకి నంబరెందుకు బావూ?" అన్నాడు దానయ్య.

అప్పలస్వామి కుంచె డబ్బా మీద పెట్టి, జేబులోంచి ఒక నున్నటి పుస్తకం తీశాడు. పైన 'సముద్రనగరిలో ఏడు రోజులు' అని ఉంది. తొమ్మిదో పేజీ తిప్పి చూపించాడు. పేజీ నిండా దానయ్య నావ. పక్కన దానయ్య. నిరుడు ఎవడో మెడలో కెమెరా వేసుకొచ్చి కదలొద్దు కదలొద్దు అని తీసుకెళ్ళిన బొమ్మ అది.

"కదలొద్దన్నాడు గదా అప్పుడు," అన్నాడు అప్పలస్వామి, రంగు ఆరడానికి నోటితో ఊదుతూ. "ఇప్పుడదే కాయితం మీద పెట్టారు."

సంగతేమిటంటే, కళింగరేవు పట్నానికి ఒక విహార నౌక రాబోతోంది. దానిమీద జనం తొమ్మిది రోజులు సముద్రంలో తిరిగి తిరిగి, కళింగరేవులో దిగి, ఒక వారం పట్నం చూసి రైలెక్కిపోతారు. ఆ వారంలో ఏ రోజు ఏ గంటకు ఏది చూడాలో నిర్ణయించడానికి మండలి ఒక సంఘాన్ని వేసింది. సంఘం పద్నాలుగు నెలలు ఆలోచించి ఆ పుస్తకం అచ్చువేసింది. పుస్తకం చివర నిబంధనలున్నాయి. అందులో తొమ్మిదోది అసలైంది. అంతకుముందు ఏదో ఊళ్ళో ఎవరో యాత్రికుడు, పుస్తకంలో ఏనుగు ఉంది, ఊళ్ళో లేదు అని పై వాళ్ళకు రాసుకున్నాడట. దాని మీద పుట్టిన నిబంధన అది. 'అచ్చులో చూపబడినది అచ్చులో ఉన్నట్లే ఒడ్డున ఉండవలెను.'

దానయ్య వల అక్కడే దింపి, తువ్వాలు దులుపుకుని మండలి ఆఫీసుకు నడిచాడు. ఆ ఆఫీసు సముద్రానికి ఎదురుగానే కట్టారు. గాలికి కాయితాలు ఎగిరిపోతున్నాయని కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. లోపల పగలే దీపాలు. ప్రత్యేకాధికారి చెరువు విశ్వపతిరావుగారి బల్లమీద నీలం గుడ్డ పరిచి ఉంది. దాని మీద చిన్న చిన్న జెండాలు గుచ్చి ఉన్నాయి. అదే సముద్రం.

"దానయ్యా, నీవు అదృష్టవంతుడవు. నీ పడవ ఎంపిక చేయబడినది," అన్నారాయన.

"ఎందుకు బాబూ?"

"దర్శనము కొరకు. మూడవ దినము, ఉదయము ఆరు గంటల పది నిమిషములకు, సూర్యోదయ సహిత పడవ. పదకొండు నిమిషములు వీక్షణము. నాలుగు నిమిషములు ఛాయాచిత్రములు."

"సూసుకోనీండి బాబూ, నానొద్దన్నానా. ఆరోజు ఎల్లను, కూకుంటాను. మిగతా రోజులు తెల్లారగట్ల ఎల్లి పొద్దెక్కి వచ్చేత్తాను."

విశ్వపతిరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీకు అవగాహన కాలేదు. ప్రస్తుతము అది పడవ కాదు. ప్రకటిత దృశ్యము. దృశ్యము కదలిన యెడల దృశ్యభంగము."

దానయ్య నీలం గుడ్డ వైపు చూశాడు. ఓడ రావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయని జెండా మీద రాసి ఉంది. మూడో రోజు అంటే మొత్తం పన్నెండు రోజులు. కానాగంతలు వచ్చి వెళ్ళిపోయే లెక్కా అదే. ఆ మాట మెల్లగా చెప్పాడు. అధికారి సానుభూతిగా విన్నారు. నావను కదపాలంటే స్థానచలన అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చన్నారు. అర్జీలు చూసే ఉపసంఘం నెలాఖరు శనివారం కూర్చుంటుందన్నారు. దానయ్య లేచి దండం పెట్టి వచ్చేశాడు. అతను మాటలు పొదుపుగా వాడే మనిషి, అప్పటికే ఆ రోజు వాడవలసినవి వాడేశాడు.

మర్నాడు నావ చుట్టూ తాడు కట్టారు. దానయ్య బావమరిది పైడయ్య నావ, పక్కనే ఉన్నది, బొమ్మలో పడలేదు గనక సముద్రంలోకి పోయింది, పొద్దెక్కేసరికి నిండుగా వచ్చింది. పైడయ్య ఒక తట్టెడు చేపలు తెచ్చి అక్క గుమ్మంలో పెట్టాడు. దానయ్య వాటిని తిరిగి పంపేశాడు. వల లాగని చేతికి వాటా లేదన్నది వాళ్ళ పేటలో కట్టు. దానికి తను చిన్నప్పటినుంచీ సాక్షి. ఇప్పుడు తనకోసం దాన్ని వంచడం అతనికి మనస్కరించలేదు. తట్ట వెనక్కి పోతుంటే పెళ్ళాం నూకాలమ్మ చూసి, ఆ పూట గంజి కాస్త పలచగా కాచింది.

మూడోనాడు సంఘం వాళ్ళు బొమ్మను భూతద్దంతో పరీక్షించారు. నావ వెనక మూల ఒక ఆడమనిషి గంప పట్టుకుని ఉంది. అది నూకాలమ్మ. ఆమె కూడా పద్నాలుగో నంబరులో భాగమేనని, ఆరు గంటల పది నిమిషాలకు అదే గంపతో, అదే కాలు ముందుకు వేసి నిలబడాలని ఉత్తర్వు వచ్చింది. బొమ్మలో తాడు మీద ఒక ఎర్రగళ్ళ తువ్వాలు ఆరేసి ఉంది. ఆ తువ్వాలు ఇప్పుడు పొయ్యి మసిగుడ్డ. దాన్ని స్వాధీనం చేసుకుని ఉతికించారు. నావ నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. ఆ కుక్క పోయి ఆరు నెలలైందని దానయ్య చెప్పాడు. సంఘం కలవరపడింది. దాని కొడుకు ఉంది గదా అని అప్పలస్వామి గుర్తు చేశాడు. రెండు రోజులు దస్త్రం నడిచి, ఆ కుక్కను తండ్రి స్థానంలో కారుణ్య నియామకం కింద తీసుకున్నారు. రోజూ ఉదయం నావ నీడలో పడుకోవడం దాని విధి. అది మొదటి రోజే గైరుహాజరైంది.

ఇక ఆకాశం మిగిలింది. బొమ్మలో మూడు మబ్బులున్నాయి, రెండు పెద్దవి, ఒకటి చిన్నది. వాతావరణం వాళ్ళకు లేఖ రాశారు. మేఘములు తమ పరిధిలోనివే గాని వాటి సరఫరా తమ పరిధిలోనిది కాదని జవాబు వచ్చింది. సంఘం అత్యవసరంగా కూడి, ఆ వేళకు మబ్బులు రానిపక్షంలో ఆకాశము మరమ్మతులో ఉన్నదని యాత్రికులకు విన్నవించాలని తీర్మానించింది.

తరవాత మాదిరి యాత్ర జరిగింది. గుమాస్తాలు యాత్రికులుగా వేషం కట్టి బస్సులో తిరిగారు. ఎక్కడ ఆశ్చర్యపడాలో అక్కడ ఎర్ర జెండా పాతారు. జెండాకు నాలుగడుగుల ముందే ఆశ్చర్యపడిన ఇద్దరికి మెమోలు అందాయి. ఏడు రోజుల పట్టికా అప్పలస్వామి నూకాలమ్మకు చదివి వినిపించాడు. మొదటిరోజు సముద్రతీరం. రెండోరోజు దీపస్తంభం ఎక్కి సముద్రం చూడటం. మూడోరోజు ఉదయం నావ, తరవాత మళ్ళీ దీపస్తంభం, పగటి వెలుతురులో. నాలుగోరోజు ఓడరేవు. అయిదోరోజు అద్దాల పెట్టెల్లో సముద్రపు జీవులు. ఆరోరోజు కొండ ఎక్కి అక్కడినుంచి సముద్రం. ఏడోరోజుకు 'మిగిలిన సముద్రము' అని ఉంది.

నూకాలమ్మ చేపల కత్తిపీట ముందు కూర్చుని వింది. కోయడానికి చేపలు లేవు, ఊరికే కూర్చుంది.

"తొమ్మిది రోజులు నీళ్ళు సూసి సూసి దిగినోళ్ళకి మళ్ళీ నీళ్ళే సూపిత్తారా?" అంది. "మా ఆయన ఒక్కరోజు ఎల్లొచ్చినా సముద్రానికి వీపెట్టుకుని తింటాడు. మా మావ పెట్టిన కట్టు అది. కూటికాడ గంగమ్మను సూడకూడదు, సూత్తే పిలుత్తాది, ముద్ద దిగదు అనీవోడు."

అప్పలస్వామికి ఆ ప్రశ్న సబబుగానే తోచి, సమయం చూసి అధికారిగారి చెవిన వేశాడు. విశ్వపతిరావు గారు నవ్వారు. "ఓడ మీద వారు చూచినది అనధికార సముద్రము," అన్నారు.

ఓడ ఇంకా మూడు రోజుల్లో వస్తుందనగా దానయ్య తాడు దాటి లోపలికెళ్ళి నావ పక్కన కూర్చున్నాడు. చెయ్యి పలకల మీద ఆన్చాడు. చెక్క కాగినట్టు వేడిగా ఉంది. తడి ఎరుగని నావ ఎండకు దిగదీసుకుపోతుంది. అతుకుల దగ్గర నెర్రె విచ్చింది. చిటికెన వేలు పెట్టి చూశాడు, గోరు దాకా పోయింది. బయట నీళ్ళమీద పేట నావలన్నీ నల్ల చుక్కల్లా ఉన్నాయి. కానాగంతల మంద ఎక్కడుందో ఒడ్డునుంచే కనపడుతోంది. నీటిమీద అక్కడొక్కచోట వాన పడుతున్నట్టు ఉంది.

అతను అప్పలస్వామిని పిలిచి పుస్తకం ఒకసారి ఇమ్మన్నాడు. తొమ్మిదో పేజీ తీసి మోకాలి మీద పెట్టుకుని, పొద్దు వాలేదాకా చూశాడు. పేజీలో మాటలు చదవలేదు. బొమ్మే చూశాడు. చూసి, లేచి, మండలి ఆఫీసుకు నడిచాడు.

"బొమ్మలో నావ తడిగా ఉంది బాబూ," అన్నాడు.

విశ్వపతిరావు గారు భూతద్దం తెప్పించారు. నిజమే. నావ పక్కలు సగం దాకా తడి. నీటి చుక్క ఒకటి కారుతూ కూడా ఉంది. పద్నాలుగు నెలలు ఎవరి కంటా పడలేదది. తొమ్మిదో నిబంధన ఆయన చేత్తో రాసిందే. మర్నాడు ఉదయం అయిదున్నరకు పురపాలక సంఘం నీళ్ళ ట్యాంకరు ఇసకలోకి దిగి నావను తడిపింది. వెనక్కి పోబోతూ ఇసకలో కూరుకుపోయింది. దాన్ని లాగడానికి ఇంకో ట్యాంకరు వచ్చింది.

దానయ్య మళ్ళీ వెళ్ళాడు. బొమ్మలో నావ అడుగున చేపలున్నాయి బాబూ అన్నాడు. చేపలు కొని తెమ్మని ఉత్తర్వు అయింది. ఆఫీసు కొనుగోలు పద్ధతిలో ముగ్గురి దగ్గర ధరలు అడిగి, తక్కువ చెప్పినవాడి దగ్గర తీసుకునేసరికి సాయంత్రమైంది. ఆ చేపల వాసనకు కారుణ్య నియామకపు కుక్క మొదటిసారి విధికి హాజరై, నావలోకి ఎక్కి, సంతృప్తిగా దృశ్యభంగం చేసింది.

ఓడ వచ్చేసింది. జనం దిగారు. మొదటిరోజు ఉదయాన్నే దానయ్య మళ్ళీ ఆఫీసులో ఉన్నాడు. ఈసారి విశ్వపతిరావు గారే ముందు అడిగారు, ఇంకేమైనా కనపడిందా అని. ఆయన గొంతులో బింకం తగ్గింది. రాత్రి నిద్ర లేదేమో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇసకలో గాట్లున్నాయి బాబూ. నీళ్ళలోంచి నావ లాగిన గాట్లు."

"గుమాస్తాలతో లాగించెదము."

"లాగించొచ్చు." దానయ్య పుస్తకం తీసి బల్లమీద, నీలం గుడ్డ మీద పెట్టి, బొమ్మలో తన ముఖం మీద వేలు పెట్టాడు. "మరి ఈ మొకం? సూడండి. వల లాగొచ్చిన మొకం ఇది. గుడ్ల కింద ఉప్పుంది. ఇంట్లో తొంగున్న మనిసికి ఈ మొకం రాదు. ట్యాంకరుతో అవదు."

అధికారి బొమ్మలో ముఖాన్ని చూశారు, ఎదుట ఉన్న ముఖాన్ని చూశారు. రెండూ ఒకటి కావు. బొమ్మలోవాడు అలిసిపోయి ఉన్నాడు, అయినా ఏదో దొరికినవాడిలా ఉన్నాడు. ఎదుటివాడికి అలుపూ లేదు, దొరికిందీ లేదు. ఆయన చాలాసేపు కలం కొరికారు. ఆఖరికి రాశారు. 'దృశ్య సాదృశ్యమును పరిరక్షించు నిమిత్తము, పద్నాలుగవ సంఖ్య గల దృశ్యము, తనలోని మనుష్యునితో సహా, సముద్రములోనికి పోయి, చేపలు పట్టి, మూడవ దినము ఉదయము ఆరు గంటల పది నిమిషములకు స్వస్థానమున హాజరు కావలెను.'

దానయ్య ఆ కాయితాన్ని తువ్వాలు కొంగున ముడేసుకున్నాడు. ఆ పగలంతా అతనూ పైడయ్యా నావ నెర్రెల్లో గుడ్డపీలికలు కుక్కి, గుగ్గిలం కాచి పోశారు. ఒక పగలు, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టారు. నెర్రెలు పూర్తిగా మూసుకోవడానికి వారం కావాలి. అంత టైము లేదు. కానాగంతలకు అదే ఆఖరి రోజు. మూడో రోజు రెండో కోడి కూయగానే ఇద్దరూ నావ ఎక్కారు. నీళ్ళు తోడటానికి పైడయ్య ఒక రేకు డబ్బా వెంట పెట్టుకున్నాడు. నూకాలమ్మ నావ ముక్కుకు పసుపు రాసి, తెల్ల అంకె మీదుగా చెయ్యి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది.

ఆరు గంటలకు బస్సు వచ్చింది. విశ్వపతిరావు గారు ముందుగా దిగి ఆకాశం వైపు చూశారు. చూసి నిలువునా కదిలిపోయారు. రెండు పెద్ద మబ్బులు, ఒక చిన్న మబ్బు. ఎక్కడ ఉండాలో అక్కడే. అంచులు కూడా అవే. మరమ్మతు అక్కరలేదు. ఆయన చూపు నెమ్మదిగా కిందికి దిగింది. ఇసకలో నాలుగు గుంజలు, తాడు, నీళ్ళలోకి పోయిన గాట్లు ఉన్నాయి. నావ లేదు.

వెనక బస్సులోంచి నలభై మంది దిగారు. తొమ్మిది రోజులు ఓడలో, రెండు రోజులు పట్టికలో తిరిగినవాళ్ళు. ఇసకలో కాలు పెట్టి ఒకసారి తూలి, ఒక్కొక్కరే సముద్రానికి వీపు తిప్పారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరి కాళ్ళూ అటే తిరిగాయి. నూకాలమ్మ పొయ్యి పొగ కనపడింది. అటు నడిచారు. అప్పలస్వామి ఎర్రజెండా ఊపాడు. ఎవరూ ఆశ్చర్యపడలేదు.

వాళ్ళలో ఆదోని వైపు రైతు ఒకడు, ఉరుకుందప్ప అని, ముసలాయన. పత్తివిత్తనాల కంపెనీ వాళ్ళు బహుమానంగా ఓడ ఎక్కించారట. ఆయన బస్సు దిగినప్పటినుంచీ వంగి వంగి నేలనే చూస్తున్నాడు. విశ్వపతిరావు గారు దగ్గరికొచ్చి, అయ్యా, వీక్షణ సమయము, దయచేసి ఇటు తిరగండి అన్నారు.

"తొమ్మిది దినాలు నీల్లే సూసినామప్పా," అన్నాడాయన. "రొంత మన్ను సూపీండి."

అని పొయ్యి దగ్గర బాసింపట్లు వేసి కూర్చున్నాడు. ఒకామె నూకాలమ్మ దగ్గరికి జరిగి ఉల్లిపాయలు తీసుకుని ఒలవసాగింది. ఇంకొకాయన అరుగు మీద తువ్వాలు పరచుకుని కదలని నేలమీద కళ్ళు మూసుకున్నాడు.

ఒడ్డున విశ్వపతిరావు గారు ఒక్కరే మిగిలారు. ఆరు పది అయింది. పదకొండు నిమిషాల వీక్షణం గడిచింది. ఛాయాచిత్రాల నాలుగు నిమిషాలు గడిచాయి. ఆయన నావ కోసం సముద్రాన్ని చూస్తున్నారు. జెండాలు లేని సముద్రం. ఏడయింది. గాలి తిరిగింది. నెర్రెల సంగతి అప్పలస్వామి అప్పుడు చెప్పాడాయనకు, ఎండలో ఉంచితే పలకలు విడిపోతాయని, రేకుడబ్బాతో తోడుకుంటూ వెళ్ళారని. ఆయన గడియారం చూడటం మానేశారు. పేట నావలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ప్రతిదాని ముక్కు మీదా ఆయన తెల్ల అంకె వెతుకుతున్నారు.

"అమ్మా, రాలేదేమి ఇంకా?" అని నూకాలమ్మను అడిగారు. ఆ ఒక్కసారి ఆయన మామూలు మనిషిలా మాట్లాడారు.

నూకాలమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఆమె సముద్రం వైపు చూడటం లేదు. చేతులు మాత్రం ఉండవలసినదానికంటే త్వరగా కదులుతున్నాయి. "చేపకి గంటలు తెల్దు బాబూ," అంది.

ఎనిమిదింటికి వచ్చింది. నీళ్ళలో బాగా లోతుగా, బరువుగా, ఒక పక్కకు ఒరిగి వచ్చింది. పైడయ్య డబ్బాతో తోడుతూనే ఉన్నాడు. దానయ్య చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. విశ్వపతిరావు గారు బూట్లతోనే నీళ్ళలోకి దిగి నావ ముక్కు పట్టుకున్నారు. 14 అన్న అంకె సగం చెరిగిపోయింది. అందరూ కలిసి లాగారు. ఇసకలో గాట్లు పడ్డాయి. నావ అడుగున సగం నీళ్ళు, సగం కానాగంతలు. పన్నెండు రోజుల చేప ఒక్కరోజులో రాదు గాని, పొయ్యి మీదికీ, ఎండబెట్టడానికి నాలుగు చాపల మేరకూ వచ్చింది. దానయ్య కళ్ళ కింద ఉప్పు తేరి ఉంది. అధికారి ఆ ముఖాన్ని చూశారు. అచ్చు బొమ్మలోదే. జేబులో పుస్తకం తడిసిపోయింది, తీసి పోల్చి చూడలేదు.

పులుసు ఉడికేదాకా ఎవరూ లేవలేదు. పట్టిక ప్రకారం ఆ వేళకు వాళ్ళంతా దీపస్తంభం మీద ఉండాలి. బస్సు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, వాసన తగిలాక తనూ దిగి వచ్చాడు. విస్తళ్ళు చాలక కొందరికి పళ్ళేలు, కొందరికి మూతలు వేశారు. నూకాలమ్మ అడక్కుండానే విశ్వపతిరావు గారి ముందు ఒక పళ్ళెం పెట్టింది. ఆయన తడి పంట్లాంతో ఇసకలో చతికిలబడ్డారు, సముద్రానికి ఎదురుగా. దానయ్య ఆయన భుజం మీద చెయ్యివేసి, మెల్లగా ఇటు తిప్పి, పక్కన తను కూర్చున్నాడు.

వేడివేడి అన్నం, కానాగంతల పులుసు. ఆదోని రైతు ముల్లు తీసుకోవడం చేతకాక ఆగితే, దానయ్య తన వేళ్ళతో ఒలిచి ఆయన పళ్ళెంలో పెట్టాడు. వరసగా నలభై వీపులు నీళ్ళ వైపు. సముద్రం వైపు ముఖం పెట్టుకున్నది కుక్క ఒక్కటే, అదీ ముళ్ళ కోసం.